కుళ్లినయి గూడ రాయాలె

ఆమె పోయిందన్న కబురు నాకు ఫోన్ల వచ్చింది, మా బ్యాచ్ గ్రూపుల. పొద్దుగాల చాయ్ తాగుతున్న. "మన బ్యాచ్ ఏఈఓ మేడం డెంగీ జ్వరంతోని మంచిర్యాల దవఖానల చనిపోయింది" అని ఒక్క లైను. దాని కింద దండం పెట్టే చేతులు, మళ్ల దండం పెట్టే చేతులు, మళ్ల అవే. ఒకడు అదీ బరువై మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఊకున్నడు. నా చాయ్ చల్లారకముందే అదే గ్రూపుల ఇంకొకడు డీలర్లను గోవ తీస్కపోయిన ఫోటోలు పెట్టిండు. దానికీ చేతులే, గని ఈసారి చప్పట్లు. థూ, ఏం బతుకులివి అనిపించింది. అన్నంక సూస్తే ఆ దండాలల్ల ఒకటి నాదే.

"నువ్వే గదా ఆమెకు దగ్గరిదానివి, సంతాప సభల నాలుగు మంచి ముక్కలు చెప్పు" అని అడిగిండ్రు. మంచి ముక్కలు చెప్పుడు నాకు కొత్త గాదు. ఇరవై మంది సేల్స్ పిల్లగాండ్లకు రోజూ నేర్పేది అదే. ఇప్పుడు రాస్తున్నది ఆ ముక్కలు గాదు. సభ అయిపోయినంక ఇంటికొచ్చి కూసోని రాస్తున్న. చదివేటోళ్లకు ముందే చెప్తున్న, ఇందుల ఆమె ఎంత కనవడ్తదో నా రోత గూడ అంతే కనవడ్తది. ముక్కు మూసుకోని చదువుండ్రి.

కరీంనగర్ దిక్కు వ్యవసాయ కాలేజీల మేమిద్దరం ఒక్క రూము. పొద్దున పంటల చదువు: నేల, విత్తనం, చీడ, తెగులు. పగటీలి యాపారం చదువు: మార్కెటు, బేరం, ప్యాకింగు. ఆమెది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర అంచుకు ఒక పత్తి ఊరు. వాళ్ల బాపు మస్కట్‌ల కూలి పనికి పోతే, అవ్వ ఒక్కతే ఎవుసం జేసేది. మాదేమో కరీంనగర్ దగ్గర. భూములు బాగనే ఉండె, అన్ని కౌలుకిచ్చుడే. మా ఇంట్ల బురద అంటే పక్కోళ్ల కాళ్లకు అంటేది. ఈ చదువు ఎందుకు తీస్కున్నవని సార్ మొదటి రోజు అందర్ని అడిగిండు. నాకు డాక్టర్ సీటు రాలేదని చెప్పలేక ఏదో దేశసేవ అన్న. ఆమె లేచి, "మా పత్తి ఎందుకు ఎర్రవడ్తదో తెలుసుకుందామని వచ్చిన సార్" అన్నది. క్లాసంత నవ్వింది. నవ్వినోళ్లల్ల నా నోరే పెద్దది.

మా రోల్ నంబర్లు పక్కపక్కన. అందుకే మా ఇద్దరికి కలిపి ఒక మడి ఇచ్చిండ్రు. ఆ మడిల టమాట పండియ్యాలె, పండిన దాన్ని అమ్మాలె, ఎవరి రికార్డు బుక్కు వాళ్లు రాయాలె. పొద్దటి చదువుకు, పగటీలి చదువుకు రెండింటికి అదే పరీక్ష.

మడికి ఎరువు కోసం పెండ, మూత్రం, బెల్లం కలిపి డ్రమ్ముల కలియబెట్టే రోజు నేను గట్టు మీద కూసోని కక్కుకున్న. ఆమె బాపు మస్కట్ నుంచి తెచ్చిన పొడుగు చేతుల డ్యూటీ అంగీ ఏసుకోని, మోచేతుల దాక ముంచి కలిపింది. "ఏందే, పెండకే గింత ఎలపరమా నీకు? రేపు కాయల పురుగును జూస్తే పాణం ఇడుస్తవా?" అని ఒక్కతీరుగ నవ్వింది. ఆ చేతులు కడుక్కోని, అదే గట్టు మీద జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం నాకు తినవెట్టింది. నేను మొఖం తిప్పితే గదుమ వట్టుకోని మరీ పెట్టింది. ఆమెకు కోపమొస్తే మరాఠీ దిగేది. "కశాలా?" అనేది, ఎందుకు అని. రోజుకు పది సార్లు నన్ను కశాలా అనకుంటె ఆమెకు పొద్దు గడిచేది గాదు.

ఆమె అలవాట్లు కొన్ని నాకు అప్పుడు పిచ్చి లెక్క అనిపించేటియి. నీళ్లు పెట్టాన్నా వద్దా అని చూసేతందుకు చెప్పులిడిసి మడిల నడిచేది. పుచ్చు కాయ దొరికితే పారెయ్యకుండ చాకుతోని కోసి, లోపల పురుగు ఎంత లోతుకు పోయిందో చూసేది. అన్నిటికంటే పిచ్చి సంగతి, కుళ్లిన కాయలను వేరే గంపల ఏరి, అవి గూడ కాంట మీద జోకి బుక్కుల రాసేది. "అవేం అమ్ముతమా, తింటమా, ఎందుకే రాసుడు?" అంటె, "కుళ్లింది గూడ మనం పండించిందే గదనే. రాయి" అన్నది. నేను రాయలే. నా బుక్కుల అన్ని ఎర్రటి కాయలే.

ఆ ఏడు ఒక కంపెనోళ్లు వచ్చి, అందరికంటే ఎక్కువ పండించిన మడి జోడికి కొలువులిస్తమని చెప్పిండ్రు. నాకు ఆ కొలువు మీద పాణం వడ్డది. మా మడి సంగతి చూస్తే ఆకు ముడత, దాని మీద వాన, సగం కాయ అడుగు నల్లగయి కుళ్లింది. గా టైముల్నే ఆమె అవ్వకు జ్వరమొచ్చి, పత్తి ఏరెటోళ్లు లేక, ఐదు రోజులు ఊరికి పోయింది. పోయేముందు చెట్టు చెట్టు తిరిగి, ఇంక మిగిలిన కాయ ఎంతుంటదో బుక్కుల రాసుకున్నది. "ఆఖరి తెంపుడు నువ్వు జెయ్యి. కుళ్లినయి వేరే జోకు, మర్వకు" అని బస్సెక్కింది.

కుళ్లినయి నేను కాలువల పారవోసిన. కరీంనగర్ కూరగాయల మార్కెట్టుకు పోయి, నాలుగు బాక్సుల టమాట కొని ఆటోల ఏసుకొచ్చిన. లోకంల యాపారం చేసేటోడు మంచి కాయ మీద పెట్టి పుచ్చు కాయ కింద పెడ్తడు. మార్కెటింగు క్లాసుల సార్ చెప్పిన మోసం అదే. నేను ఉల్టా పెట్టిన. మా మడిల మచ్చల కాయలు మీద పరిచి, నిగనిగలాడేటియి కింద దాచిన, అన్ని మావే అనుకోవాలని. గంత తెలివి నాకు చదువుల ఎన్నడు రాలే.

జోకే రోజు ఆమె ఊరి నుంచి దిగి, బ్యాగు భుజానికుండంగనే మడికాడికి వచ్చింది. సార్ కాంట మీద మా బాక్సులు జోకి, "ఈ జోడే ఫస్టు" అన్నడు. సంతకానికి ఆమెను పిలిచిండు. ఆమె పెన్ను తీస్కోలే. బాక్సుల చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కాయ తీసి, వేళ్లతోని నొక్కింది. మా కాయ మెత్తన, తొడిమె కాడ పచ్చగ ఉంటది. గదేమో కోలగ, బంతి లెక్క గట్టిగ ఉన్నది. ఆమె నా దిక్కు చూసింది. కోపం లేదు ఆ చూపుల. నేనే నోరిప్పి చెప్తనేమో అని చూసింది. నేను నా చెప్పులకంటిన మట్టి చూసుకుంట నిలవడ్డ.

"సార్, ఆఖరి తెంపుడు నేను చూడలే. చూడనిదానికి సంతకం పెట్ట" అన్నది ఆమె.

సార్ రెండు బుక్కులు పక్కన పెట్టుకోని చూసిండు. ఆమె బుక్కుల మిగిలిన కాయకు, నా బాక్సులల్ల కాయకు పొత్తే లేదు. "ఏందమ్మా గీ తేడా?" అని నన్ను అడిగిండు. అప్పుడన్న చెప్పొచ్చు. నేనేమన్ననో తెలుసా? "అది ఊరికి పోయే తొందర్ల సగం చెట్లు చూడలే సార్, అందాజగ రాసింది." బాక్సులు కండ్ల ముందట ఉన్నయి, సార్ బాక్సులను నమ్మిండు. ఆమెకు రికార్డు మార్కులు కోసిండు. కొలువు నా ఒక్కదానికి వచ్చింది.

రూముకు పోయినంక ఆమె మంచం మీద కూసోని, ఒక్కటే మాట అన్నది. "ఛీ." పెండల చేతులు పెట్టినదానికి, పురుగులను కోసినదానికి ఎన్నడు రాని మాట, నన్ను జూసి వచ్చింది. తెల్లారి మళ్ల మామూలుగనే లేపింది, "లెవ్వే, మడిల చెట్లు పీకాలె" అని. "సార్‌కు ఎందుకు చెప్పలే నువ్వు?" అని నేనే అడిగిన. "అది చెప్పుడు నీ పని. నా పని గాదు" అన్నది.

ఆ పని నేను చెయ్యలే. కంపెనీల చేరి, రైతులకు సీసలల్ల టానిక్కులమ్ముకుంట పెద్ద మేడం అయిన. ఆమె కొన్నేండ్లకు ఏఈఓ అయింది, కాగజ్‌నగర్ దిక్కు ఊర్లల్ల స్కూటీ ఏసుకోని, పొలాల పొంట తిరుక్కుంట రైతులకు పంటల సంగతి చెప్పే కొలువు. పెండ్లి మాట తీస్తే, "ముందుగాల ఈ ఏటి పత్తి ఇంటికి రానియ్యి" అనేది. ప్రతి ఏడు ఆ పత్తి వచ్చేది, మళ్ల ఇంకో పత్తి. నాకు ఫోన్ జేసి తిట్టేది. "మీ సీస ఒకటి మా రైతు తెచ్చిండే. చెట్టు మీద కొట్టు, లేకుంటె స్కూటీ కడుగు, రెండింటికి ఒకటే ఫాయిద అని చెప్పిన" అని పగలవడి నవ్వేది. ఫోన్ పెట్టేముందు మాత్రం ఎన్నడు మర్వకుండ అడిగేది, "చెప్పినవా?" అని.

"లేదే."

"సరే."

అంతే. మళ్ల ఫోన్ దాక ఆ ముచ్చట లేదు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు జర తొందర పెట్టింది. "సార్‌కు ఈ నడుమ చెవులు ఇనవడ్తలేవట. జల్ది చెప్పు, మొత్తం పోయినంక చెప్తే ఎవలికి చెప్తవు?" నేను నవ్విన. ఆమె గూడ నవ్వింది. ఇదీ నా పెద్ద తెలివి, ఎప్పటికి ఇంకో ఫోన్ ఉంటదనుకున్న.

సంతాప సభ కాలేజీ హాల్ల పెట్టిండ్రు. ముందటి వరుసల వాళ్ల అవ్వ ఒక్కతే కూసున్నది. బాపు మోకాళ్ల నొప్పులకు రాలే. గ్రూపుల చేతులు పెట్టినోళ్లంత ఇస్త్రీ బట్టలేసుకోని వచ్చి, మైకు పట్టుకోని "తీరని లోటు" అన్నరు. అందర్ల ముగ్గురికన్న ఆమె ఏ మండలంల పనిచేసిందో తెల్వది. తర్వాత సార్ లేచిండు. ముసలోడయిండు, చెవిల మిషన్ పెట్టుకున్నడు. "మంచి పిల్ల. కష్టపడే పిల్ల. ఒక్కటే లోపం, రికార్డుల జర అశ్రద్ధ ఉండేది. లేకుంటె ఎక్కడ్నో ఉండాల్సింది" అన్నడు. ఆయన మనసుల ఏ పాపం లేదు. అవ్వ పెద్దసారు మాటకు తలకాయ ఊపింది.

నేనాడిన అబద్ధం, సచ్చిపోయిన మనిషి మీద దండ లెక్క పడ్డది, వాళ్ల అవ్వ దానికి తల ఊపుతున్నది. నేను లేచి నిలవడ్డ.

"సార్, ఆమె రికార్డు రైటే."

"ఏందమ్మా?" అన్నడు సార్, చెవి కాడ చెయ్యి పెట్టుకోని.

"ఆ టమాట మా మడిల పండలే సార్. నేను కొనుక్కొచ్చిన."

"ఏం కొన్నవు?"

మూడోసారి ఒర్రిన, హాలంత ఇనవడేటట్టు. "టమాట సార్! కరీంనగర్ మార్కెట్ల కొన్న! నేను దొంగ లెక్క రాసిన, తప్పు ఆమె మీద ఏసిన!"

ఎనక నుంచి ఎవలో, "గిప్పుడు గివన్ని అవసరమా మేడం?" అన్నరు. ఇంకొకరు నా చెయ్యి గుంజిండ్రు. సార్ మైకు వదల్లే. "ఎన్ని బాక్సులు?" అని అడిగిండు. నాలుగన్న. "జోకింది నేనే. బాక్సు అడుగుకు చెయ్యి పెట్టి చూసింది మాత్రం ఆ పిల్ల" అన్నడు. "నేనిప్పుడన్న మాట తప్పు. ఆమె రికార్డుల ఏ లోపం లేదు." ఈ మాట ఆమె ఫోన్ల అడిగిన ఏ రోజు చెప్పినా ఆమె చెవులకు ఇనవడేది. సార్ చెవుల కోసం ఫికర్ పడ్డదాని చెవులే ముందుగాల పోయినయి.

అన్నాల కాడ నా పక్కన కుర్చీలు ఖాళీగున్నయి. మంచిదే, నేనయినా నా పక్కన కూసోకపోదును. అవ్వ వచ్చి నా ఎదురుంగ నిలవడ్డది.

"అయితే ఆ పెద్ద కొలువు దానికి రాకుంటయింది నీతోనా బిడ్డా?"

"అవునవ్వా."

ఆమె వేళ్ల మీద ఏండ్లు లెక్క జేసింది. "అది వస్తే మా కాడ ఉండకపోవు. గిన్నేండ్లు మా దిక్కే ఉన్నది, ఐతారమొస్తే ఇంటికొచ్చింది." కొంగుతోని మూతి తుడుసుకున్నది. "నిన్ను తిట్టాన్నా, నీకు దండం పెట్టాన్నా, నాకు తెలుస్తలేదు."

తిట్టినా బాగుండు.

అవ్వ అప్పటికే స్టేజీ దిక్కు చూస్తున్నది. ఎనక గోడకు కట్టిన ఫ్లెక్సీ, దాని మీద నిలువెత్తు మొఖం. "దాన్నేం జేస్తరు?" అని అడిగింది. రేపు తీసి పారేస్తరన్న. "పారేసుడెందుకు, నాకియ్యుండ్రి. పత్తి ఇంక వాకిట్ల కుప్పనే ఉన్నది, మొగులు వట్టింది. కప్పుకుంట."

పక్కన నిలవడ్డ మా బ్యాచామె, "అయ్యో అవ్వా, ఆమె ఫోటో పత్తి మీద కప్పుతవా?" అన్నది.

"అది ఉంటే ఉరికొచ్చి అదే కప్పేది" అన్నది అవ్వ.

ఇద్దరం స్టేజీ ఎక్కి తాళ్లు ఇప్పినం. చుట్ట చుట్టి, ఆటోల బస్టాండు దాక తీస్కపోయిన. ఆదిలాబాద్ బస్సు కదిలే ముందే చినుకులు మొదలైనయి. కిటికీ అద్దం మూతవడ్తలేదు. అవ్వ ఆ చుట్టను రెండు మోకాళ్ల నడుమ నిలవెట్టుకోని, దాని మీద పడ్డ ప్రతి చినుకును కొంగుతోని తుడుసుకుంట కూసున్నది.