దేవుడిచ్చిన కడుపు

కొవ్వూరులో బస్సెక్కేటప్పటికి నాకు ఏడో నెల. పక్కసీటావిడ వంగి, వాచిన నా పాదాన్ని బొటనవేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

“బీపీ చూపించారా? ఐవీఎఫ్ కడుపా?”

“అబ్బే, మాకలాంటివేం లేవండి. దేవుడిచ్చిందే,” అంది నాకు అవతలిపక్క కూర్చున్న మా అత్తగారు. డాక్టరమ్మకీ అదే చెప్పింది. రెండేళ్లు సూదులు వేయించుకున్న నేను అప్పుడూ నోరు మూసుకున్నాను, ఇప్పుడూ మూసుకున్నాను.

పక్కసీటావిడ మొహం ఎర్రబడింది. “మేమూ ఇలాగే దాచామండి. ఐవీఎఫ్ అయితే బీపీ వచ్చే ప్రమాదం ఎక్కువట. ముందే చెప్పుంటే కనిపెట్టుకుని ఉండేదాన్నని డాక్టరమ్మ తిట్టింది. అప్పటికే మా అమ్మాయి ఫిట్స్‌తో పోయింది. మా పరువు మాత్రం భద్రంగా ఉందండి!”

దిగగానే ఆసుపత్రికి నడిచాను. నర్సు వివరాలు అడగ్గానే అత్తగారు నోరు తెరిచింది.

“మీరు ఊరుకోండి అత్తయ్యా! ఐవీఎఫ్ అండి, రాసుకోండి!”

హాలంతా తిరిగి చూసింది. చూడనీ.