నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కి, జొన్నదంటు పొడితో

పీహెచ్‌డీ చివరి ఏడాది, 2007 మే నెలలో, ఒక ఐసు డబ్బా పట్టుకుని చెన్నై నుంచి హైదరాబాద్ బయల్దేరాను. జొన్నదంటును గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థాన్ని జన్యుమార్పిడితో తగ్గించడం నా పని. అది తగ్గితే దంటులోని కణాల గోడలు తేలిగ్గా విడిపోయి చక్కెర ఎక్కువగా బయటికొస్తుంది. ఆ చక్కెరతో ఇంధనం చేయొచ్చు. నాకు మంచి ఫలితం ఒక్కసారే వచ్చింది. ఆబిడ్స్‌లోని ఒక ల్యాబ్‌లో పరీక్షకురాలి ఎదుట దాన్ని మళ్లీ చూపిస్తేనే పొలంలో వేసి చూడటానికి నిధులిస్తారు. డబ్బాలో నా మొక్కల ఎండిన దంటు పొడి, పోల్చడానికి మామూలు జొన్నదంటు పొడి, వాటిని చక్కెరగా విడగొట్టే ఎంజైము ఉన్నాయి. ఎంజైము వేడెక్కితే అంతా వృథా.

ఉదయం ఎనిమిదికి రావలసిన రైలు పదిన్నరకు నాంపల్లి చేరింది. మూత తీసి చూస్తే ఐసంతా కరిగి చల్లటి నీళ్లయింది. పదకొండున్నరకల్లా ల్యాబ్‌లో ఉండాలి. స్టేషన్ బయట పాతిక రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ మల్లయ్యకు యాభై దాటి ఉంటాయి.

"అన్నా, దారిలో ఐసెక్కడైనా దొరుకుతుందా?"

"ఫికర్ జేయకమ్మా. మొజంజాహీ మార్కెట్ కాడ జ్యూసు దుకాణంల ఇస్తరు. ఏముంది గండ్ల, మందులా?"

పది రూపాయల ఐసు డబ్బాలో నింపుకున్నాక సంగతి చెప్పాను. ఆయన ఆటో కదిలించాడు.

"నేను గూడ మెదక్ దిక్కు జొన్న పండించినోన్నే. దంటు మెత్తగైతే గాలికి చేను పడిపోదా అమ్మా?"

డబ్బాను ఒళ్లోకి లాక్కున్నాను. గాలే తగలని గాజుగదిలో నా మొక్కలు రెండు వంగిపోయాయి. పుల్లలు కట్టి నిలబెట్టాను. రిపోర్టులో మాత్రం రాయలేదు.

"ఏందమ్మా, గట్లయినవ్?"

"రెండు మొక్కలు వంగాయన్నా. ఎవరికీ చెప్పలేదు."

"మాది ఒక్క యేడు పడ్డది. సగం మట్టిపాలైంది. ముందుగాలనే చెప్పు తల్లీ."

ల్యాబ్‌లో మధ్యాహ్నం పన్నెండుకు పొడిని ఎంజైములో నానబెట్టాం. అయిదు గంటలు ఆగాలి. వీధి చివర హోటల్లో ఇడ్లీ తెప్పించుకుని కూడా తినలేకపోయాను. సాయంత్రం పరీక్షనాళికల్లో చక్కెరను రంగుగా చూపే రసాయనం కలిపి వేడిచేశాం. చక్కెర ఎక్కువుంటే రంగు ముదురుతుంది. నా మొక్కల నాళిక మామూలు జొన్న నాళిక కంటే ముదురుగా తేలింది. పరీక్షకురాలు నవ్వి కాగితం మీద సంతకం పెట్టబోయారు. అప్పుడు మొక్కలు వంగిన సంగతి చెప్పేశాను.

"రిపోర్టులో ఎందుకు లేదు?"

"భయమేసింది మేడమ్."

ఆవిడ కలం మూత పెట్టారు. "రాయండి. దంటు బలం కొలిచి తీసుకురండి. నిధుల సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

ఏడాది పోయింది, ఫెలోషిప్ చివరి నెలల్లో నిద్ర కూడా పోయింది. కొలిచి చూస్తే, ఎక్కువ చక్కెర ఇచ్చిన మొక్కలే తొందరగా విరుగుతున్నాయని తేలింది. లిగ్నిన్ కాస్త తక్కువగా తగ్గించిన మరో రకం నిలబడింది. మరుసటి ఏడు పొలానికి వెళ్లింది అదే. ఆ రోజు నోరు విప్పకపోయి ఉంటే తొలి గాలివానకే నా చేను నేలమీద ఉండేది. మీరూ ఇలాంటి పనిమీద ఆబిడ్స్ వెళ్తుంటే, నాంపల్లి నుంచి నడిచినా ఇరవై నిమిషాలే. కానీ రైలు దిగిన రోజే పని పెట్టుకోకండి, ఒకరోజు ముందే చేరండి.