ముల్లు మేస్త్రి కూతురి బరువు

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, బజారులో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూడడు. పదకొండేళ్ళుగా కొట్టు కొట్టుకూ తిరిగి తూకం యంత్రాలు బాగుచేస్తున్నాడు కాబట్టి అందరికీ ఆయన ముల్లు మేస్త్రి. తూకం ముఖం మీద అంకెల చుట్టూ తిరిగే ముల్లును సరిచేయడమే ఆయన బతుకుతెరువు. మనిషి మాత్రం దూదిలాంటివాడు.

ఏ కొట్టుకు వెళ్ళినా, పని ముగించి సంచీ సర్దుకుంటూ ఒకటే పాట. "ఖాళీ గిన్నె పెట్టి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూశాకే సరుకు వెయ్యండి. గిన్నె మారిస్తే మళ్ళీ చూసుకోండి." విని విని అందరికీ నోటికి వచ్చేసింది. ఆయన గుమ్మం దాటకముందే, "గిన్నె మారిస్తే మళ్ళీ చూసుకోవాలి, అంతేగా మేస్త్రీ!" అని వాళ్ళే అందుకునేవాళ్ళు.

పెళ్ళయిన ఆరేళ్ళకు ఆయనకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి వరండాలో నర్సమ్మ "పాప నాన్నగారూ!" అని రెండుసార్లు పిలిస్తే, వెనకాల ఎవరో ఉన్నారనుకుని పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. "మిమ్మల్నేనండీ బాబూ!" అని ఆమె నవ్వాక గానీ అర్థం కాలేదు. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములని చెప్పింది. మేస్త్రి ఆ అంకెను దేవుడి నామంలా మనసులో పదిసార్లు అనుకున్నాడు.

ఎనిమిదో రోజు, సోమవారం, పాపను మళ్ళీ చూపించడానికి తీసుకెళ్ళారు. నర్సమ్మ తూచి, చీటీలో పుట్టిన బరువు చూసింది.

"రెండు ఎనిమిది వందలు. మొదట్లో తగ్గడం మామూలేనమ్మా. కానీ ఇక పెరగాలి. వచ్చే సోమవారం తీసుకురండి. అప్పటికి పుట్టిన బరువు దాటకపోతే డాక్టరుగారు ఇక్కడే ఉంచి చూస్తానంటారు."

మామూలుగానే చెప్పింది పాపం.  కానీ పాప తల్లి ఇంటికి రాగానే తన తల్లి దగ్గర కూర్చుని, "నా పాలు చాలడం లేదేమోనమ్మా" అంది. బాలింతకు తోడుగా వచ్చిన ఆ పెద్దావిడ, "ఊరుకోవే. నువ్వు పుట్టినప్పుడు పిడికెడు ఉన్నావు. ఇప్పుడు చూడు, గుమ్మం పట్టడం లేదు" అని నవ్వించబోయింది. కూతురు నవ్వలేదు.

ఆ సాయంత్రమే మేస్త్రి, తను పనిచేసే తూకాల దుకాణం యజమాని దగ్గరికి వెళ్ళి ఒక తూకం అడిగాడు.

"ఇంటికెందుకురా తూకం? కొట్టు పెడతావా ఏంటి?"

"పాపని తూచాలండీ."

పెద్దాయన ఇంకేమీ అడగకుండా, లోపలికి వెళ్ళి, అన్నిట్లోకీ కొత్తదాన్ని తుడిచి మరీ ఇచ్చాడు.

పాపను పడుకోబెట్టే పేము బుట్టను, అందులో అత్తగారు కుట్టిన బొంతతో సహా ముందుగా తూచాడు మేస్త్రి. కిలో మూడు వందలు. మరిచిపోకుండా ఆ అంకెను బుట్ట అంచు మీద పెన్సిలుతో రాశాడు. తర్వాత పాపను పడుకోబెట్టి తూచి, వచ్చినదాంట్లోంచి బుట్ట బరువు తీసేశాడు. సరిగ్గా రెండు ఎనిమిది వందలు. నర్సమ్మ తూకమూ ఆయన తూకమూ ఒక్కటయ్యాయి. అదొక ధైర్యం.

కాన్పుకు పెట్టిన సెలవు ఆ రోజుతో అయిపోయింది. బజారులో తూకాలన్నిటికీ ఏటా వేసే సర్కారు ముద్ర పడే రోజులవి. ముద్రకు ముందు ఒక్కొక్కటీ విప్పి చూడాలి. తెల్లారగానే వేడినీళ్ళు కాచిపెట్టి, పాప గుడ్డలు ఉతికి ఆరేసి, బస్సెక్కి కూర్చున్న చోటే నిద్రపోయేవాడు. దిగాల్సిన చోట కండక్టరే భుజం తట్టేవాడు. "లేవండి మేస్త్రీ. నాకు కవలలు. నేనైతే నిలబడే నిద్రపోయేవాణ్ణి." ఆ కండక్టరు మిగతా ప్రయాణికుల మీద ఎంత అరిచేవాడో అందరికీ తెలుసు. మేస్త్రిని లేపేటప్పుడు మాత్రం చంటిపిల్లను తట్టినట్టు తట్టేవాడు. దేవుడు ఎవరి చేతిలో ఎప్పుడు మెత్తదనం పెడతాడో చెప్పలేం.

పని ఒత్తిడిలో మళ్ళీ పాపను తూచేసరికి గురువారం సాయంత్రమైంది. బుట్ట తూకం మీద పెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు. అంచు మీది అంకె తీసేశాడు. రెండు కిలోల ఆరు వందల అరవై.

"ఎంతుందండీ?" అని లోపల్నుంచి భార్య అడిగింది.

"బాగానే ఉంది" అన్నాడు మేస్త్రి. పెళ్ళయ్యాక ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అదే.

వెంటనే తూకాన్ని అరుగు మీదికి తెచ్చుకుని, సంచీలోని ఇత్తడి రాళ్ళు ఒక్కొక్కటే పెట్టి చూశాడు. కిలోకు కిలో, అరకు అర. వెంట్రుకవాసి తేడా లేదు. తూకం అబద్ధం చెప్పదని బజారంతా చాటింపు వేసిన మనిషికి, అది అబద్ధమని తేలితే బాగుండునని అనిపించింది. మూడు రోజుల్లో నూట నలభై గ్రాములు. ఇలాగే పోతే సోమవారం పాపను ఆసుపత్రిలో పెట్టి, ఉత్త చేతులతో ఇంటికి రావాలి. "తండ్రీ, నా కండలోంచి కోసి దాని ఒంటికి పెట్టు" అని దండం పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున వెళ్ళిన మొదటి కొట్టే పచారీ కొట్టు. దాన్ని నడిపే ఆవిడ నోటికి బజారంతా జడుస్తుంది.

"రావయ్యా రా! నువ్వు బాగుచేసిన తూకం నా కొంప ముంచుతోంది. ఎంత సరుకు వేసినా తక్కువే చూపిస్తోంది. నా శనగలేమన్నా ఆవిరైపోతున్నాయా?"

మేస్త్రి యంత్రం వైపు చూశాడు. ఖాళీగానే ఉంది, ముల్లు సున్నాకు ఇవతలే ఆగింది. పైన ప్లాస్టిక్కు గిన్నె ఉంది.

"ఇనప గిన్నె ఏదమ్మా?"

"తుప్పు పట్టిందని తీసేశా. ఇది తేలిగ్గా ఉందని పెట్టా."

"ఎన్నిసార్లు చెప్పాను? సరుకు తగ్గలేదు, గిన్నె తేలికైంది. గిన్నె మారిస్తే మళ్ళీ..."

 చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడింది.

"చూసుకోవాలి. అంతేగా? ఏంటయ్యా, ఏమైంది నీకు?"

"అమ్మా, నేనొక్కసారి ఇంటికి వెళ్ళాలి. మా పాప..."

నోరు పెద్దదే గానీ, ఆవిడ ఇంకొక్క ప్రశ్న వేయలేదు. "వెళ్ళు నాయనా. మీ యజమానికి నేను కబురు పెడతాలే. సంచీ ఇక్కడే ఉండనీ, ఎవరూ ముట్టుకోరు."

రొప్పుతూ ఇంట్లో అడుగుపెట్టి, చెప్పులు కూడా విడవకుండా బుట్ట దగ్గర కూర్చున్నాడు. పాప కింద పల్చటి పాత చీర మడత ఉంది.

"అత్తయ్యా! ఇందులో బొంత ఏది?"

అత్తగారు కంగారు పడింది. "మంగళవారం తడిపేసింది బాబూ. ఉతికి ఆరేశాను. మళ్ళీ వేద్దామనుకుంటే, ఈ ఉక్కకు పిల్ల చెమటలు కక్కుతోంది. అందుకే చీర మడిచి వేశా. ఏం, తప్పా?"

"తప్పు మీది కాదు అత్తయ్యా. నాది."

పాపను అత్తగారి చేతికిచ్చి, చీర మడతతో ఉన్న బుట్టను తూచాడు. కిలో అరవై. బొంతకూ చీరకూ మధ్య రెండు వందల నలభై గ్రాములు. నిన్న పాప ఒంట్లోంచి ఆయన తీసేసింది లేని బొంత బరువు! పాపను మళ్ళీ పడుకోబెట్టాడు. ముల్లు ఊగి ఊగి నిలిచింది. వేళ్ళ మీద లెక్క వేశాడు. ఒకసారి చాలదని మళ్ళీ వేశాడు. రెండు కిలోల తొమ్మిది వందల ఇరవై. పుట్టిన బరువు దాటేసింది.

తలెత్తేసరికి భార్య గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"నిన్న నీతో అబద్ధం చెప్పాను" అంటూ మొదలుపెట్టాడు.

"తెలుసు. రాళ్ళు పెట్టి చూసుకుంటుంటే కిటికీలోంచి చూశాను. మీ ముఖమే చెప్పింది."

"మరి అడగలేదేం?"

"పొద్దున పనికి వెళ్ళాల్సిన మనిషి కదా, రాత్రయినా కాస్త పడుకుంటారని."

ఇద్దరూ ఎవరి భయం వాళ్ళు పైకి చెప్పుకోకుండా ఒకే బుట్ట పక్కన రాత్రంతా పడుకున్నారన్నమాట. ఆమె కళ్ళ నీళ్ళతోనే నవ్వింది. అత్తగారు అల్లుణ్ణి ఏమీ అనకూడదని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, ఆపుకోలేకపోయింది. "ఊళ్ళో వాళ్ళందరికీ గిన్నెల పాఠం చెప్పే అల్లుడుగారు..." అంటూ పడీపడీ నవ్వింది.

ఆ సందడికి పాప కళ్ళు తెరిచి, తూకం మీదే చీరంతా తడిపేసింది.

"ఇప్పుడు మాత్రం నిజంగానే తగ్గిందండీ" అంది పాప తల్లి.

సోమవారం నర్సమ్మ తూకం మూడు కిలోల ఇరవై చూపించింది. ఆసుపత్రిలో ఉండక్కర్లేదు, నెల తర్వాత వస్తే చాలంది. మేస్త్రి ఆమెకూ, డాక్టరుగారి గది తలుపుకూ కూడా దండం పెట్టాడు. తూకాన్ని ఆ పొద్దున్నే యజమానికి తిరిగి ఇచ్చేశాడు.

తిరుగు బస్సులో పాప ఆయన చేతుల్లోనే నిద్రపోయింది. నాలుగు స్టాపులు దాటేసరికి మోచెయ్యి తిమ్మిరెక్కింది.

"ఇటివ్వండి బాబూ, చెయ్యి మార్చుకుందురు గానీ" అంది అత్తగారు.

"బరువుగా ఉంది అత్తయ్యా" అన్నాడు మేస్త్రి, ఇవ్వకుండానే.