మున్షీ సాబుకు రాని కాయితం

మా పక్కింటి మున్షీ సాబు పోయిన శుక్రవారం పొద్దున కాలం చేసిండు. పట్నంల ఒక కాలేజీ దఫ్తర్‌ల పదేండ్లు కలం పట్టిన మనిషి. ఆ కాలేజోళ్లు ఇయ్యవలసిన ఒక్క కాయితం అందకుండనే పోయిండు. ఈ మాట నా కడుపుల నలభై ఏండ్ల సంది ఉన్నది. నేను నాలుగో తరగతి దాటలేదు. పేపర్ల అచ్చేసేటోళ్లు రాతల తప్పులుంటే దిద్దుకోండి, మాట మాత్రం దిద్దకండి.

పోలీస్ యాక్షన్ అయిన ఏడు. నేను లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టర్‌ను. మా చెల్లె ఆ కాలేజీల చదువుతుండె. రోజూ పట్నం పంపాలంటే అమ్మ భయపడె. ఇంటికి దగ్గరున్న సికింద్రాబాద్ కాలేజీకి మారుస్తమని నేను పోతే, మున్షీ సాబు రిజిస్టర్ల పిల్ల పేరు మీద ఎర్ర గీత గీసి, టీసీ నా ముందట పెట్టిండు.

"పేరెందుకు కొట్టేసినవ్? మా పిల్ల ఏం తప్పు జేసింది?" అని కాయితం ఆడనే ఇసిరేసి వచ్చిన.

సికింద్రాబాద్ కాలేజీల చేర్చుకునే గడువు ఇంకా రెండే దినాలు. దాటితే చెల్లెకు ఏడాది పోయినట్టే. చదువు చాలు, లగ్గం చేసేద్దామని నాయన అప్పటికే అంటుండె.

సాయంత్రం ఆయనే కాయితాలు పట్టుకొని మా అరుగు మీదికొచ్చిండు.

"తమ్మీ, నిన్ను కాజీపేటకు పంపితే ఇక్కడ హాజరీ బుక్కుల పేరు కొట్టేస్తరా లేదా?"

"కొట్టేస్తరు."

"అంటే నౌకరీ పోయినట్టా?"

"ఎందుకు పోతది సాబ్? బదిలీ."

"టీసీ అంటే గదే. జెర కోపం పక్కకు పెట్టి ఇను."

రెండు కాలేజీలవి వేరేవేరే యూనివర్సిటీలు. మైగ్రేషన్ అంటే, ఈ పిల్లను మీరు తీసుకుంటే మాకు అభ్యంతరం లేదని ఒక యూనివర్సిటీ ఇంకో యూనివర్సిటీకి చెప్పుడట. హాజరీ పత్రం లేకుంటే పాత కాలేజీల కూసున్న దినాలు కొత్త దాంట్ల లెక్కకు రావట. కాండక్ట్ అంటే నడవడి. ఒక్కో కాయితం ఇచ్చేటప్పుడు ఒక కొస ఆయన పట్టుకునే ఉండె. "ఏం సమజైందో నువ్వు చెప్పు" అని, నేను చెప్తెనే వదిలిండు. కాలేజీల సుత అందరికీ గట్లనేనట. వెనక నిలబడ్డోళ్లు గొణిగితే, "తెల్వక దస్కత్ పెడితే రేపు ఏడ్చేది వాడే" అనేటోడట.

చెల్లె చదువు నిలిచింది. మారేడ్‌పల్లిల పంతులమ్మ అయి మొన్ననే రిటైరైంది.

ఆ వచ్చిన ఎండకాలమే మున్షీ సాబును "రేపటి సంది రాకు" అన్నరు. ఎందుకో చెప్పలేదు. నడవడి మంచిదని ఒక్క ముక్క రాసియ్యమంటే అదీ ఇయ్యలేదు. అది లేక ఇంకో దఫ్తర్ల కాలు పెట్టనియ్యలేదు. పోస్టాఫీసు ముందర చాప పరుచుకొని, మంది దరఖాస్తులు రాసి పిల్లల్ని సాకిండు. "నన్ను ఎటూ బదిలీ చెయ్యలేదు తమ్మీ, ఉత్తగ కొట్టేసిన్రు" అని ఒక్కసారే అన్నడు, నవ్వుకుంట. నాకు నవ్వు రాలే. నేనే రెండుసార్లు ఆ కాలేజీకి పోయి అడిగిన. పాత రిజిస్టర్లు చూడాలె అన్నరు. ఇంకా చూస్తనే ఉన్నరు.

కాలేజోళ్లారా, ఆయన నలభయ్యో దినం మంగళవారం పడ్తది. ఆ పొద్దు పది గంటలకు మీ దఫ్తర్ల ఉంటా. ఉన్నన్ని దినాలు మంచిగ పనిజేసిండని రాసియ్యండి. ఆయన బేగంకు కండ్లు కనిపిస్తలేవు. పక్కన కూసొని నేనే కూడబలుక్కుంట చదువుతా, ఆమె తల వంచి వింటది. ఇస్తరా, ఇయ్యరా? ఆ మంగళవారం లోపల జవాబు చెప్పండి.