సింకు కింది కప్పు

చర్చి పూజలో పాత్ర అంచు పెదవికి తగలగానే ద్రాక్షారసం కన్నా ముందు నాకు సింకు కింది తడి వాసన తగులుతుంది. ఇన్నేళ్లయినా వదలదు. దానికి కారణం రోసమ్మ పిన్ని.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లకూ ఓటు వచ్చి కొత్త ప్రభుత్వం ఏర్పడిన కొద్దికాలానికి గుంటూరు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి, అక్కడి ఒట్టావా అనే ఊళ్లో ఆవిడ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. చెరుకుతోటల కూలీలుగా వచ్చిన తెలుగువాళ్ల మనవరాలు ఆవిడ. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పెద్దవాళ్లకు జ్ఞానోపదేశం చెప్పేది. ఆ ఇంట్లో తెలుగు దాదాపు పోయింది. ప్రార్థనలు, కూరల పేర్లు, తిట్లు మిగిలాయి. ‘అంటు’ అనే మాట కూడా మిగిలింది. ఓడలో ఏం పోగొట్టుకున్నా దాన్ని మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు మహానుభావులు!

వచ్చిన వారమే, టీ పోసుకుందామని సింకు కిందున్న నీలం ఎనామిల్ కప్పు అందుకున్నాను.

“అమ్మాయ్, అది వద్దు! థాండీది, అంటు,” అని పిన్ని లాగేసుకుంది.

థాండీ ఆ ఇంట్లో పనిచేసే జులూ తెగ ఆవిడ. వంట ఆవిడదే, పిన్ని పిల్లల్ని ఎత్తుకు పెంచిందీ ఆవిడే. పిన్నిని ‘మా’ అనేది, అంటే అమ్మా అని. మా ఊరి టీ కొట్లో మావాళ్ల గ్లాసు వేరే మేకుకు వేలాడేదని పిన్నికి చెప్పాను.

“ఛీ, అది ఇండియా కులాల గోల. ఇది క్లీన్ కోసం, అంతే. థాండీ నాకు సిస్టర్ లాగా. ఓటు లైన్లో ఇద్దరికీ ఒకే గొడుగు, తెలుసా?”

నమ్మాను. ఆవిడ పాఠం విన్నాక నమ్మక చస్తానా? ఈస్టర్ ముందు తపస్సుకాలంలో బైబిల్లోని లేవీయకాండం చెబుతుంటే, బాలింతలనూ కుష్ఠురోగులనూ దూరం పెట్టడమేమిటని ఎవరో అడిగారు. ఆవిడ ఇంగ్లీషులో అన్నది నా మాటల్లో రాస్తున్నాను. “దేవుడి ముందుకు సిద్ధపడి వెళ్లాలని ఆ ఆజ్ఞలు నేర్పాయి. తర్వాత ఏసు కుష్ఠురోగిని ముట్టుకున్నాడు. రోగం ఆయనకు రాలేదు, ఆయన శుద్ధి రోగికి వచ్చింది. మనమంతా తాగే ఒకే పాత్రలో ఎంగిలి లేదు. ఎంగిలి మనసులో ఉంటుంది.” నువ్వు మురికిదానివి కావని నాతో అంత సూటిగా అన్న మనిషి అంతకుముందు లేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

పవిత్ర గురువారం నాడు పాత్ర అందించే పని ఫాదర్, మా చర్చికే వచ్చే థాండీకి ఇచ్చారు. వరసలో పిన్ని నా ముందుంది. రొట్టె తీసుకుని థాండీ ఎదుటికి వెళ్లింది.

“క్రీస్తు రక్తం, మా,” అంటూ థాండీ పాత్ర చాచింది.

పిన్ని చేతులు కట్టుకుని, తల వంచి, పక్కనుంచి వెళ్లిపోయింది. రొట్టె తీసుకుంటే చాలు, తాగకపోవడం తప్పేం కాదు. కానీ ఆవిడ ఏనాడూ మానలేదు. థాండీ పాత్ర నా వైపు చాచింది. నేను తాగాను.

“ఎందుకలా చేశావు పిన్నీ?”

“జలుబు, అమ్మాయ్.” ఒక్క తుమ్ము కూడా లేదు!

శనివారం థాండీ వచ్చి, సింకు కింది కప్పు తీసి సంచిలో వేసుకుంది.

“ఎక్కడికి థాండీ? ఈస్టర్ వంట ఎవరు చేస్తారు?” అంది పిన్ని.

“నీ చేతులు శుభ్రం కదా, మా. నువ్వే చేసుకో.”

మళ్లీ రాలేదు. నేనూ గది ఖాళీ చేశాను. పిన్ని మాత్రం చనిపోయేదాకా ఏటా అదే పాఠం చెప్పింది.

ఇప్పుడది నేను చెబుతున్నాను, ఆవిడ మాటల్లోనే. అందులో ఒక్క తప్పు దొరికినా బాగుండును. పాపం, తెలియక చేసిందని సరిపెట్టుకునేదాన్ని.