మారు లేని ఫ్రైడ్ రైస్

రొయ్య రేటు పడిపోయిన ఏడు, ఆ దెబ్బ ముందుగా నా రాత్రి వంట మీద పడింది.

మాది గుడివాడ. నేను వంట చేసే ఇంటివాళ్ళకి నాగాయలంక వైపు చెరువులున్నాయి, ఊళ్ళో రైసుమిల్లుంది, అయ్యగారికి సాయంత్రాలు పేకాట క్లబ్బుంది. పిల్లలు పై చదువులకి వెళ్ళిపోయాక ఇంట్లో అయ్యగారూ అమ్మగారూ ఇద్దరే. ఒకరోజు పొద్దున్నే అమ్మగారు వంటింట్లోకి వచ్చి, "ఒకటో తారీఖు నుంచి రాత్రి వంట వద్దమ్మా, పొద్దునపూట వచ్చి చేసి వెళ్ళు" అంది.

"కూరలో ఉప్పెక్కువైందాండీ?"

"ఉప్పు కాదు, ఖర్చెక్కువైంది. నూనె, గ్యాసు, కూరలు, నీ జీతం. అదే బండి దగ్గర ఒక ఫ్రైడ్ రైస్ తెచ్చుకుంటే మా ఇద్దరికీ సరిపోతుంది. గిన్నెలు తోమించే పని కూడా లేదు."

చెరువుల్లో పోయిన డబ్బుని ఈవిడ నా తాలింపు గింజల్లో వెతుక్కుంటోందేమిటా అనుకున్నాను. పైకి మాత్రం "అలాగేనండీ" అన్నాను. రాత్రి వంట పోయిందంటే నాకు సగం జీతం పోయినట్టే. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆ జీతం మీదే నా ఇల్లు నడుస్తోంది.

ఆ ఫాస్ట్ ఫుడ్ బండి మా వీధి మొగలోనే ఉంటుంది. సాయంత్రాలు పని లేక గుమ్మంలో కూర్చుని ఆ బండి మీద రాసినవన్నీ కూడబలుక్కుని చదివేదాన్ని. యాభై దాటాక పక్కింటి కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి కనిపించిన ప్రతి బోర్డూ చదవందే నాకు తోచదు. ఒకరోజు 'మంచూరియా' దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుండగా, మా అయ్యగారి పెద్ద కారు వీధికి అవతల, కరెంటు స్తంభం చాటున ఆగింది. కరోనానాటి మాస్కు పెట్టుకుని, చేతిలో స్టీలు క్యారియర్‌తో ఆయన దిగాడు.

బండతను బాణలి ఎగరేస్తూ, "మాస్కు తీసి చెప్పండి సార్, మంట హోరులో వినపడట్లేదు" అన్నాడు.

"సింగిల్ ఫ్రైడ్ రైస్. ఒకటి."

"ఇంత కారేసుకొచ్చి సింగిలేంటి సార్!"

"నెమ్మదిగా మాట్లాడవయ్యా. ప్యాకెట్ కట్టకు, ఇందులో పొయ్యి."

అప్పుడు నన్ను చూశాడు. "నువ్వేంటి ఇక్కడ?"

"మా ఇల్లు ఇదేనండీ."

"ఎవరితోనూ అనకు."

"ఏమనంటానండీ? మీరు మాస్కులో ఉన్నారు కదా, నేను మిమ్మల్ని పోల్చుకోనేలేదు."

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒక సాయంత్రం అమ్మగారి దగ్గర్నుంచి ఫోను. "వెంటనే రా. బందరు నుంచి మా అన్నయ్య వచ్చాడు." రాత్రి వంట మళ్ళీ వచ్చిందనుకుని చీర కూడా మార్చుకోకుండా పరిగెత్తాను. తీరా వెళ్తే వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. గట్టు మీద క్యారియర్ ఉంది.

"అన్నయ్య ఆకలి మీదున్నాడు, వండేదాకా ఆగడు. అయ్యగారు బండి దగ్గర తెచ్చేశారు. నువ్వు వడ్డించు. అడిగితే నువ్వే వండావని చెప్పు."

ఫ్రైడ్ రైస్ వెండి గిన్నెలోకి మార్చింది. ఇంట్లో చేసినట్టు కనపడాలని పైన నా చేత కరివేపాకు వేయించి చల్లించింది. అరిటాకు పరిచింది. ఆకులో ఫ్రైడ్ రైస్, దాని పక్కన చిల్లీ చికెన్.

"ఏంటమ్మాయ్ ఇది, పులావా?" అన్నాడు ఆవిడ అన్నయ్య.

"అలాంటిదే అన్నయ్యా. మా వంటావిడ కొత్తగా నేర్చుకుంది."

ఆయన బాగా తినే మనిషి. చూస్తుండగానే ఆకు ఖాళీ అయిపోయింది, నా చేతిలో గిన్నె కూడా ఖాళీ అయిపోయింది. ఇంటికి వచ్చినవాళ్ళకి మారు అడక్కపోతే మా వైపు లేచి వెళ్ళమన్నట్టే. అడగాలి, వాళ్ళు వద్దనాలి, మళ్ళీ అడగాలి, వాళ్ళు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి, ఆ చేతి పక్కనుంచి వడ్డించాలి. కానీ సింగిల్ ఫ్రైడ్ రైస్‌కి మారు ఉండదు. అమ్మగారి బుర్రకి ఆ సంగతి తెలుసు, నాలుకకి తెలియదు.

"ఇంకొంచెం వేయించుకో అన్నయ్యా."

"వద్దమ్మా, చాలు."

అయ్యగారు హమ్మయ్య అనుకున్నాడు. అమ్మగారు అక్కడితో ఆగొచ్చుగా!

"ఏం తిన్నావని? మొహమాటపడకు. నా మీద ఒట్టు. వెయ్యమ్మా నువ్వు!"

"అంత ఇదిగా అంటున్నావు కాబట్టి..." అని ఆయన చెయ్యి తీసేశాడు.

నేను ఖాళీ గిన్నెలో గరిటె తిప్పి, "వేడిగా తెస్తానండీ" అని లోపలికి వెళ్ళాను. అమ్మగారు వెనకాలే వచ్చింది.

"ఏదీ?"

"అయిపోయిందండీ."

"మరి చెప్పవేం?"

"మీరు ఒట్టు కూడా పెట్టేశాక ఏం చెప్పనండీ?"

చేసేది లేక తమ ఇద్దరికీ క్యారియర్ అడుగు గిన్నెలో దాచుకున్న రెండో సింగిల్ తీసి గిన్నెలో పోసింది. తన రాత్రి భోజనం బావగారి ఆకులో పడుతుంటే అయ్యగారు అలా చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు తినవా బావా?"

"నాకు షుగరు బావా. రాత్రిళ్ళు మానేశాను."

"నువ్వో చెల్లెమ్మా?"

"నాకు శనివారం ఉపవాసం."

"ఇవాళ గురువారం కదే!"

"గురువారం కూడా మొదలెట్టానన్నయ్యా."

ఆవిడ మూడోసారి మారు అడగబోతే అయ్యగారికి పెద్ద దగ్గొచ్చింది.

అమ్మగారి అన్నయ్య తేన్చి, నా వైపు తిరిగాడు. "నీ చేతిలో ఏదో ఉందమ్మా. బందరు వచ్చెయ్యి, మా ఇంటికి. ఇక్కడికంటే ఎక్కువిస్తాను. ఉండటానికి గదిస్తాను."

బండతని చేతి రుచికి నాకు ఉద్యోగం వచ్చింది. ఆశ పుట్టలేదంటే అబద్ధం. వెళ్తే మర్నాడే నా బండారం బయటపడుతుంది. అమ్మగారి మొహం పాలిపోయింది.

"అదేంటన్నయ్యా, ఈవిడ లేకపోతే మా ఇంట్లో పొయ్యే వెలగదు. రెండుపూటలా ఈవిడ వంటే."

ఆ మాట పట్టేసుకున్నాను. "అవునండీ. రేపు సాయంత్రం ఎన్నింటికి రమ్మంటారు అమ్మగారూ?"

ఆవిడ నన్ను చూసింది, అన్నయ్యని చూసింది. "రోజూ వచ్చే టైముకే రా" అంది.

అలా నా రాత్రి వంట తిరిగొచ్చింది. ఒక్కటే చిక్కు: వచ్చేవారం మళ్ళీ వస్తాననీ, ఇదే వండించమనీ చెప్పి వెళ్ళాడాయన. నేను బండి దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నాను. "ఈ మంట మీ ఇంటి పొయ్యి మీద రాదు పిన్నిగారూ" అని అతను చెప్తూనే ఉన్నాడు. చెప్పినట్టే అయింది. ఆయన వచ్చి రెండు ముద్దలు తిని, "పోయినసారి రుచి లేదమ్మా" అన్నాడు. బందరు మాట మళ్ళీ ఎత్తలేదు.

నన్ను ఎగరేసుకుపోయేవాడు లేడని తేలిపోయింది. ఇక మళ్ళీ బండేనేమోనని గుబులుగా గిన్నెలు సర్దుతుంటే, అయ్యగారు గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆవిడ ఏమన్నా నువ్వు సాయంత్రాలు మానకు. రేపు పప్పు చెయ్యి."

"మరి ఖర్చండీ?"

"నేను పేకాట క్లబ్బు మానేస్తున్నాను. ఆవిడకి చెప్పేశాను."

ఆ మాట ఆయన కష్టంగానే అన్నాడు. పప్పులో దోసకాయ వెయ్యనా, గోంగూర వెయ్యనా అని అడిగాను.