మా ఇంటి కోపం

తాతలు నేతులు తాగారని గొప్పలు పోయేవాళ్లుంటారు. మా ఇంట్లో తాతల కోపం చెప్పుకుని మురిసేవాళ్లం. మా తాత గొంతెత్తితే నల్గొండ దగ్గర మా ఊరంతా దడుచుకునేదట. నాయినకూ ముక్కు మీదే కోపం. కళ్లు ఎర్రబడి, కణతలు పట్టుకుని కూర్చుంటే అమ్మ మాడు మీద నిమ్మకాయ రుద్ది మజ్జిగ ఇచ్చేది. తాతా, నాయినా ఇద్దరూ యాభై దాటగానే ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయారు. కోపమే మింగిందని చుట్టాలన్నారు, మేమూ నమ్మాం. చదువుకున్నదాన్ని, నాకైనా బుద్ధి ఉండాల్సింది.

ఆ కోపానికి వారసుడు మా అన్న. మేం పట్నం వచ్చాక గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి దుకాణాలకు వ్యానులో పండ్లు వేసేవాడు. మార్కెట్ ఊరవతలికి పోయాక దూరం పెరిగింది, నిద్ర తగ్గింది. కొత్తపేట ట్రాఫిక్‌లో హారన్ కంటే అన్న గొంతే పెద్దగా వినిపించేది. ఇంటికొచ్చి తల పట్టుకుంటే అమ్మ నిమ్మకాయ కోస్తూ, "అచ్చం మీ నాయినే" అనేది. ఆ మాటకు అన్న మురిసిపోయేవాడు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. నిరుడు అక్కడ ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టారు. నర్సు నా చేతికి పట్టీ చుట్టి మూడుసార్లు చూసింది.

"నూట అరవై ఉందండీ. మీ వయసుకి చాలా ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా?"

"లేదు. మాకు కోపం ఎక్కువ," అన్నాను.

ఆమె నవ్వలేదు. డాక్టర్ని కలవమని చీటీ రాసిచ్చి, తోబుట్టువులుంటే వాళ్లనీ చూపించుకోమని చెప్పింది. చీటీ బ్యాగులో పడేశాను. ఇరవై తొమ్మిదేళ్లకే జబ్బు మనిషినని పేరు తెచ్చుకోవడం ఇష్టం లేక ఇంట్లో నోరు విప్పలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున, చెప్పులు వేసుకుంటూ అన్న గుమ్మంలోనే ఒరిగిపోయాడు. ఛాతీ పట్టుకున్నాడు, మాట రాలేదు. ముప్పై మూడేళ్ల మనిషి. ఎల్బీనగర్‌లో దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ అమ్మను ఆ నర్సు అడిగిన ప్రశ్నే అడిగాడు.

"ఎవరికి లేదు సార్. మా ఇంటోళ్లకు జర కోపమే ఎక్కువ. నిమ్మకాయ రుద్దితే తగ్గుతుండె," అంది అమ్మ.

డాక్టర్ తాత గురించీ నాయిన గురించీ అడిగి తెలుసుకున్నాడు. "అది కోపం కాదమ్మా, బీపీయే అయి ఉంటుంది. ఇతనికీ ఎన్నాళ్ల నుంచో ఉంది. ముందే చూపించుకుంటే గుండె దాకా వచ్చేది కాదు," అన్నాడు. నేను తలెత్తలేకపోయాను.

అన్న బతికాడు. గుండె మాత్రం బలహీనపడింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వ్యాను అమ్మేశాం. మన్సూరాబాద్‌లో మా ఇంటికి తీసుకొచ్చిన వారానికి, మంచం పక్కన కూర్చుని శిబిరం సంగతి చెప్పేశాను. ఆ రోజే చెప్పి ఉంటే నిన్నూ చూపించేవాళ్లం, తప్పు నాదే అని ఏడ్చాను. తిడతాడనుకున్నాను.

అన్న మెల్లగా నా వైపు తిరిగాడు. "మరి నువ్వు బీపీ గోళీలు ఏస్కుంటున్నవా, చెల్లె?" అని అడిగాడు.

వేసుకోవడం లేదు. అన్నకు చెప్పలేదని అన్నాళ్లూ కుమిలిపోయాను గానీ, ఆ నూట అరవై నా ఒంట్లోనే ఉందన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.